చింత చెట్టు కింద కంపెనీ

బస్తర్ చింతపండుకు ఊరూరా గిరాకీ ఉంది. ధర చెప్పే అధికారం మాత్రం దాన్ని ఏరేవాళ్లకు లేదు. ఉత్పత్తిదారుల కంపెనీ చట్టంతో ఆ పరిస్థితి మారుతుందా?

ఫిబ్రవరి వచ్చిందంటే బస్తర్ సంతల రంగు మారిపోతుంది. గంపలు తలకెత్తుకున్న ఆడవాళ్లు, కావళ్లు మోసే మగవాళ్లు తెల్లవారక ముందే దారి పడతారు. వాళ్లు సంతకు చేరేలోపే దారి మలుపుల దగ్గర కాటాలతో కాచుకుని ఉంటారు కొచియాలు. ఛత్తీస్‌గఢ్‌లో చిన్న దళారికి ఉన్న పేరు అది. గంపలోని చింతపండు కొచియా బస్తాలోకి, అక్కడి నుంచి పెద్ద వ్యాపారి గోదాముకి, ఆ తర్వాత జగదల్‌పూర్ మండీకి చేరుతుంది. ఆసియాలోనే అతి పెద్ద చింతపండు మార్కెట్‌గా పేరు పడిన ఊరది. రంగు చెడకుండా శీతల గిడ్డంగుల్లో నిల్వ చేసిన సరుకు నెలల తర్వాత లారీలెక్కి తెలుగు రాష్ట్రాలకు, తమిళనాడుకు బయల్దేరుతుంది. మనింటి చారులో పులుపు బస్తర్‌ది కావడానికి అవకాశాలు ఎక్కువే.

ఈ గొలుసులో ప్రతి ఒక్కరికీ ఒక వ్యాపార సంస్థ ఉంది. దుకాణానికి బోర్డు ఉంది, బ్యాంకులో ఖాతా ఉంది, పన్ను నంబరు ఉంది. లేనిదల్లా చెట్టెక్కి కాయ దులిపి, ఎండబెట్టి, బెరడు వొలిచి, పిక్క తీసే కుటుంబానికే. దానికున్నది ఒక్క గంప. ఆ గంపలన్నీ కలిసి ఒక కంపెనీగా నమోదు కావచ్చని చట్టం చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. బస్తర్‌లో ఆ మాట ఎంతవరకు నిజమవుతుందన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఉప్పు తూకం నుంచి ఇమ్లీ ఆందోళన్ దాకా

బస్తర్‌లో అటవీ వ్యాపారం గురించి మాట్లాడితే ముందుగా వినిపించేది ఉప్పు కథే. సేరు సారపప్పు ఇస్తే సేరు ఉప్పు ఇచ్చే మారకం ఇక్కడ దశాబ్దాలపాటు సాగింది. సారపప్పు పట్నంలో ఏ ధర పలుకుతుందో ఏరిన వారికి తెలియదు. తెలిసినా అక్కడికి మోసుకెళ్లే దారి లేదు.

దాన్ని మార్చే గట్టి ప్రయత్నం 1990ల చివర్లో జరిగింది. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజులవి. బస్తర్ కలెక్టర్‌గా ఉన్న ప్రవీర్ కృష్ణ గ్రామాల్లో సమితులు ఏర్పాటు చేసి, చింతపండును నేరుగా కొనిపించే కార్యక్రమం చేపట్టారు. ‘ఇమ్లీ ఆందోళన్’గా పేరు పొందిన ఆ ఉద్యమం దళారుల పట్టును కుదిపింది. ఆయనే తర్వాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ గిరిజన మార్కెటింగ్ సంస్థ ట్రైఫెడ్‌కు అధిపతి అయ్యారు. 2018 ఏప్రిల్ 14న ప్రధాని నరేంద్ర మోదీ బీజాపూర్‌లో దేశంలోనే తొలి వన్ ధన్ వికాస్ కేంద్రాన్ని ప్రారంభించారు. 20 మంది చొప్పున 15 స్వయం సహాయక బృందాలు, అంటే 300 మంది సేకరణదారులు కలిసి సరుకును శుద్ధి చేసి అమ్ముకోవడం ఆ పథకం ఉద్దేశం.

రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి లఘు వనోపజ్ సంఘ్ ఉంది. 900కు పైగా ప్రాథమిక సహకార సంఘాలతో పనిచేసే ఈ సమాఖ్య మద్దతు ధరకు అటవీ ఉత్పత్తులు కొంటుంది, ‘ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్’ పేరుతో అమ్ముతుంది. పిక్కతో ఉన్న చింతపండుకు మద్దతు ధరను కేంద్రం 2020 మేలో కిలో 31 రూపాయల నుంచి 36కు పెంచింది. తునికాకుదీ ఇదే దారి. 1964 నుంచి ఆ వ్యాపారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. సేకరణ ధర స్టాండర్డ్ బస్తాకు 2019లో 4,000 రూపాయలకు, 2024లో 5,500కు పెరిగింది.

వీటి వల్ల మేలు జరగలేదని ఎవరూ అనరు. కానీ అన్నింటిలోనూ ఒక పోలిక ఉంది. ధర నిర్ణయించేది రాయ్‌పూర్ లేదా ఢిల్లీ. కొనేది ప్రభుత్వ సంస్థ. సేకరణదారు లబ్ధిదారే తప్ప యజమాని కాదు. చొరవ ఉన్న కలెక్టర్ బదిలీ అయితే కొనుగోళ్ల ఊపూ మారిపోవచ్చు.

పది మంది ఉంటే చాలు

ఇక్కడే ఉత్పత్తిదారుల కంపెనీ తెర మీదికి వస్తుంది. సహకార సంఘాల మీద ప్రభుత్వ పెత్తనం, ప్రైవేటు కంపెనీల్లో డబ్బున్నవాడి పెత్తనం, ఈ రెండూ లేని నిర్మాణం కావాలని ఆర్థికవేత్త వై.కె. అలఘ్ నేతృత్వంలోని కమిటీ సిఫార్సు చేసింది. దాని ఫలితంగా 2002లో కంపెనీల చట్టానికి సవరణ వచ్చింది. 2003 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ఆ అధ్యాయాన్ని 2020 సవరణ 2013 నాటి కొత్త చట్టంలో చేర్చింది.

నిబంధనలు చూస్తే చట్టం బస్తర్ కోసమే రాశారేమో అనిపిస్తుంది. పది మంది ఉత్పత్తిదారులు చాలు, కంపెనీ పెట్టొచ్చు. పైన సభ్యుల సంఖ్యకు పరిమితి లేదు. సాగు పంటలతోపాటు అటవీ ఉత్పత్తులు, తేనె, చేనేత, హస్తకళలు కూడా ‘ఉత్పత్తి’ కిందికి వస్తాయి. అంటే చింతపండు ఏరే మహిళే కాదు, 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ డోక్రా బొమ్మలు పోతపోసే కళాకారుడూ సభ్యుడు కావచ్చు.

ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు. వాటాలను బయటివారికి అమ్మడం కుదరదు. కాబట్టి జగదల్‌పూర్ వ్యాపారి ఎంత డబ్బు కుమ్మరించినా కంపెనీని కొనెయ్యలేడు. లాభం వాటాల లెక్కన కాక, ఎవరు ఎంత సరుకు పోశారన్న లెక్కన బోనస్‌గా పంచుకోవచ్చు. బోర్డులో అయిదు నుంచి 15 మంది డైరెక్టర్లు ఉండాలి. రోజువారీ వ్యవహారాలకు సభ్యుడు కాని పూర్తికాలపు ముఖ్య కార్యనిర్వాహకుడిని నియమించాలి.

నమోదు కూడా కాగితం మీద తేలికే. 2020 నుంచి స్పైస్ ప్లస్ అనే ఒకే ఆన్‌లైన్ దరఖాస్తుతో పేరు, నమోదు, పాన్, టాన్ వంటివన్నీ వచ్చేస్తాయి. అధీకృత మూలధనం 15 లక్షల రూపాయలు దాటకపోతే కేంద్రానికి కట్టాల్సిన నమోదు రుసుము సున్నా. రాష్ట్ర స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాల ఖర్చు, ఆడిటర్ ఫీజు మాత్రం తప్పవు. ఛత్తీస్‌గఢ్ కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం బిలాస్‌పూర్‌లో ఉంది. జగదల్‌పూర్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు. దరఖాస్తు కోసం అంత దూరం వెళ్లాల్సిన పని లేకపోవడం ఆన్‌లైన్ తెచ్చిన అసలైన లాభం.

ఒక లారీ లెక్క

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఉదాహరణకు 500 మంది సభ్యులు తలా వెయ్యి రూపాయలు వేసుకున్నారనుకుందాం. అయిదు లక్షలు. కిలో 36 రూపాయల చొప్పున కొంటే 14 టన్నులు కూడా రాదు. అంటే దాదాపు ఒక లారీ లోడు. ఆ మొత్తాన్ని ఒక్క రోజు సంతలోనే ఖర్చు పెట్టేయొచ్చు. ఆ తర్వాత?

చింతపండు వ్యాపారమంతా ఓపిక మీద నడుస్తుంది. సీజన్‌లో ధర దిగినప్పుడు కొని, గిడ్డంగిలో దాచి, పెరిగినప్పుడు అమ్మేవాడే గెలుస్తాడు. చింతపండు వెనకాలే మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు, వేసవిలో తునికాకు వచ్చిపడతాయి. డబ్బంతా మొదటి సరుకులోనే ఇరుక్కుపోతే రెండోదాన్ని కొనలేరు. అప్పుడు సభ్యుడు మళ్లీ కొచియా దగ్గరికే వెళ్తాడు. అందులో అతని తప్పేమీ లేదు. కొచియా అక్కడికక్కడే నగదు ఇస్తాడు, పెళ్లికో జబ్బుకో బదులూ ఇస్తాడు. కంపెనీ రశీదు ఇచ్చి రెండు వారాలు ఆగమంటే నిలిచే సభ్యులు తక్కువ.

ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఫిబ్రవరిలో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం ప్రారంభించింది. కేటాయింపు 6,865 కోట్ల రూపాయలు. ఒక్కో సంస్థకు మూడేళ్లపాటు నిర్వహణ ఖర్చుల కింద 18 లక్షల వరకు, సభ్యుల వాటా ధనానికి సమానంగా ఒక్కొక్కరికి 2,000 రూపాయలు మించకుండా 15 లక్షల వరకు గ్రాంటు, బ్యాంకు రుణాలకు హామీ అందులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో పది వేల లక్ష్యం పూర్తయిందని ప్రభుత్వం ప్రకటించింది. మన లెక్కలోని కంపెనీకి గ్రాంటు కలిస్తే ఒక లారీ రెండు లారీలవుతుంది. మిగతాదానికి బ్యాంకు తలుపు తట్టాల్సిందే. తాకట్టు పెట్టడానికి ఆదివాసీ సభ్యుల దగ్గర ఉన్నదల్లా భూమి. ఆ భూమి చేతులు మారకుండా చట్టాలు కాపాడుతున్నాయి, కాపాడాలి కూడా. భూమికి రక్షణగా ఉన్న చట్టమే అప్పుకు అడ్డం కావడం ఇక్కడి విచిత్రం.

కాగితాల అడవి

రెండో చిక్కు అంతకన్నా నిశ్శబ్దంగా వస్తుంది. కంపెనీ పుట్టిన 90 రోజుల్లో తొలి సర్వసభ్య సమావేశం జరగాలి. ఏటా ఆడిట్ చేయించాలి, ఆర్థిక నివేదిక, వార్షిక రిటర్ను దాఖలు చేయాలి. గడువు దాటితే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. రెండు పత్రాలూ ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు. మూడేళ్లు వరుసగా దాఖలు చేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్లపాటు అనర్హులవుతారు. కార్యకలాపాలు లేని కంపెనీ పేరును రిజిస్ట్రార్ తొలగించొచ్చు. 2017లో దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు అలాగే ఎగిరిపోయాయి.

బొంబాయి డొల్ల కంపెనీ కోసం రాసిన నిబంధనే దర్భా అడవిలోని మహిళా డైరెక్టరుకూ వర్తిస్తుంది. సమావేశం గోండిలోనో హల్బీలోనో, కోంటా వైపు అయితే తెలుగు కలిసిన దోర్లీలోనో జరుగుతుంది. పత్రాలు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో మరో పేరు ఉంటే డిజిటల్ సంతకం దగ్గరే పని ఆగిపోతుంది. చివరికి కంపెనీ తాళంచెవి దాన్ని పెట్టించిన స్వచ్ఛంద సంస్థ దగ్గరో, పట్నంలోని ఆడిటర్ దగ్గరో ఉండిపోయే ప్రమాదం ఉంది. మూడేళ్ల నిర్వహణ సాయం ఆగిన నాడు ఆడిటర్ ఫీజు ఎవరు కడతారన్నదే అసలు పరీక్ష.

అందుకే చాలామంది స్వయం సహాయక బృందంగానో, సహకార సంఘంగానో ఉండిపోవడమే మేలనుకుంటారు. అదీ తోసిపుచ్చాల్సిన ఆలోచనేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ 1995లో తెచ్చిన పరస్పర సహాయ సహకార చట్టం లాంటిదే ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన 1999 నాటి స్వాయత్త సహకారితా చట్టం అది. ప్రభుత్వ జోక్యం తక్కువ, నమోదు రాష్ట్రంలోనే. కాకపోతే బయటి రాష్ట్రాల్లోని పెద్ద కొనుగోలుదార్లు, బ్యాంకులు కంపెనీ అన్న మాటను త్వరగా నమ్ముతాయి.

అరకు చెప్పే పాఠం

తెలుగువారికి ఈ చర్చ కొత్త కాదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలుపై దానికి 1979 నాటి నిబంధన గుత్తాధికారమే ఇచ్చింది. దళారి నుంచి కొంత రక్షణ దొరికింది, యాజమాన్యం మాత్రం దొరకలేదు. అరకులో మరో దారి తొక్కారు. గిరిజన కాఫీ రైతులు 1995 చట్టం కింద సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ల కాఫీ 2017లో ప్యారిస్ దుకాణానికి చేరింది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. అయితే అక్కడా పండించే సంఘం రైతులది, బ్రాండును నడిపే కంపెనీ వేరు. పెట్టుబడి కావాలంటే బయటివారిని రానివ్వాలి, రానిస్తే యాజమాన్యం పంచుకోవాలి. దీనికి ఎవరి దగ్గరా తేలికైన జవాబు లేదు.

బస్తర్‌లోనూ అడుగులు పడుతున్నాయి. దంతెవాడలో భూమ్‌గాదీ పేరుతో సేంద్రియ రైతులు ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడి ‘ఆదిమ్’ బ్రాండుతో సరుకులు మార్కెట్లోకి తెచ్చారు. అదే జిల్లాలో 2021లో యంత్రాంగం చొరవతో మహిళల కోసం ‘డానెక్స్’ దుస్తుల యూనిట్ మొదలైంది. మొదటిది సభ్యుల కంపెనీ, రెండోది ప్రభుత్వం నాటిన మొక్క. రెండూ అవసరమే. పోల్చి చూడాల్సింది మాత్రం ఒక్కటే: అధికారి బదిలీ అయిన మర్నాడు ఏది నిలబడుతుంది?

సంతే గీటురాయి

చట్టాలు ఇప్పటికే చాలా ఇచ్చాయి. 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని గ్రామసభలకు, ఆదివాసీలకు ఇచ్చాయి. పొరుగున గడ్చిరోలిలోని మెండా లేఖా గ్రామం 2011లో తన వెదురును తానే అమ్ముకునే హక్కు సాధించి చూపింది. సరుకు మీద హక్కు అడవి చట్టం ఇస్తే, వ్యాపారం చేసే రూపం కంపెనీ చట్టం ఇస్తుంది. రెండూ ఒకే ఊళ్లో కలవడమే అరుదు.

కలపాలంటే పెద్ద పథకాల కన్నా చిన్న పనులు ముఖ్యం. సీజన్ మొదలయ్యే జనవరిలోనే నిర్వహణ పెట్టుబడి అందాలి. వెయ్యి లోపు సభ్యులున్న ఆదివాసీ కంపెనీకి ఆలస్య రుసుముల నుంచి కొన్నేళ్లపాటు మినహాయింపు ఇవ్వాలి. ప్రతి బ్లాకులో లెక్కలు రాయగల, హల్బీ, గోండి వచ్చిన పదిమంది యువతీయువకులకు శిక్షణ కావాలి. పిక్క తీసిన ‘ఫూల్ ఇమ్లీ’కి పిక్కతో ఉన్నదాని కన్నా ఎక్కువ ధర వస్తుంది కనుక, ఆ పని ఊళ్లోనే జరిగేలా చూడాలి.

దశాబ్దాల హింస తర్వాత బస్తర్ రోడ్ల మీదికి బ్యాంకులు, సెల్ టవర్లు, పెద్ద పరిశ్రమల ప్రతిపాదనలు వేగంగా వస్తున్నాయి. వాటితోపాటు పెద్ద కొనుగోలుదారులూ వస్తారు. వాళ్లు వచ్చేసరికి బేరం చేయడానికి అవతలి వైపు ఒక సంస్థ ఉంటుందా, లేక వేల గంపలు విడివిడిగా నిలబడి ఉంటాయా అన్నదాన్ని బట్టే ధర తేలుతుంది. బిలాస్‌పూర్ ఇచ్చే నమోదు పత్రం దీనికి సరిపోదు. సంత దారిలో కాటా పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూస్తే కంపెనీ నిజంగా పుట్టిందో లేదో తెలిసిపోతుంది.