చింతపల్లిలో సముద్రపు చేపలా? ముందు ఫిల్టర్ సంగతి చూడండి

చింతపల్లిలో ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలనుకుంటున్నారా? చేపల కంటే ముందు ఫిల్టర్ కొనండి. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను తగ్గించేది అందులో పెరిగే బ్యాక్టీరియానే. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే చేపల్ని వదలాలి.

తొలి ట్యాంక్‌కు అంచున తగిలించే ఫిల్టర్, సన్న రంధ్రాలున్న ఆక్వేరియం రాళ్లు చాలు. క్యానిస్టర్ ఖరీదెక్కువ. పైగా కరెంటు గంటల తరబడి పోతే మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నురగతో మురికి లాగే ప్రోటీన్ స్కిమ్మర్ తర్వాత చూసుకోవచ్చు, బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం ఇప్పుడే తీసుకోండి.

పక్కనే లంబసింగి, చలి సంగతి తెలిసిందేగా! 25 డిగ్రీలు నిలిపే హీటర్ తప్పనిసరి. కరెంటు పోతే అదీ ఆగుతుంది, ట్యాంక్‌కు దుప్పటి చుట్టండి. విశాఖ వెళ్లినప్పుడు సముద్రంలోంచి పగడాలు మాత్రం తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.