పంటిని పట్టుకొను సిమెంటు

గ్రామమున దంతవైద్య శిబిరము జరిగిన పిమ్మట, ఎందరికి పండ్లు తీసిరని అడుగుట పరిపాటి. ఎన్ని పండ్లు దక్కినవని అడుగువారు తక్కువ. బిడ్డకు ఆరవయేట పాలపండ్ల వరుస వెనుక ఒక పెద్ద దవడపన్ను మొలచును. ఇది ఏ పన్నును ఊడ్చి వచ్చునది కాదు. కావుననే తల్లిదండ్రులనేకులు దానిని పాలపన్నేయని భావించి, పిప్పిపట్టినను ఊడి మరల వచ్చునులెమ్మని ఊరకుందురు. అది మరల రాదు. అట్టి పన్నును పీకక నిలుపుటకు వైద్యులు వాడు పదార్థములలో రెసిన్ కలిపిన గాజు అయనోమర్ సిమెంటు ఒకటి. అది ఎట్లు గట్టిపడునో, పంటిని ఎట్లు పట్టుకొనునో తెలిసినచో శిబిరమునకు పంచాయతీ ఏమి సమకూర్చవలెనో సభ్యులకు సులభముగా బోధపడగలదు.

రెసిన్ లేని అసలు సిమెంటును 1970 ప్రాంతమున లండనులోని ప్రభుత్వ రసాయనశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. ఇందులో ఒక పొడి, ఒక ద్రవము ఉండును. సిలికా, అల్యూమినా, కాల్షియం ఫ్లోరైడు మొదలగువానిని కరగించి చేసిన గాజును మెత్తగా నూరినది పొడి. పాలియాక్రిలిక్ ఆమ్లమును నీటిలో కలిపినది ద్రవము. రెంటిని కలిపినంతనే ఆమ్లము గాజు రేణువుల పైపొరను తినివేయును. అందుండి కాల్షియము, అల్యూమినియము వెలువడును. ఆమ్లపు అణువులు పొడవైన గొలుసుల వంటివి. ఈ లోహములు ఆ గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయగా ముద్ద బిగిసికొనును. కాల్షియము కొలది నిమిషములలోనే ముడివేయును. అల్యూమినియము నిదానము, దాని పని మరునాటి వరకు, ఆ తరువాతను సాగును. గాజు రేణువుల లోపలి భాగము కరగక, కాంక్రీటులో కంకర వలె నిలిచిపోవును.

చిక్కు ఈ నిదానముననే కలదు. మొదటి గంటలలో ఉమ్మి తగిలినచో ముడిపడవలసిన లోహములు కొట్టుకొనిపోవును. మిక్కిలి ఆరినచో బీటలు వారును. దీనికి విరుగుడుగా 1980 దశకము చివర ద్రవములో హెమా అను రెసిన్ పదార్థమును, కర్పూరముతో బంధుత్వముగల కాంఫర్‌క్వినోన్‌ను చేర్చిరి. ఈ రెండవది నీలికాంతిని గ్రహించి రెసిన్ అణువులను గొలుసులుగా అల్లింపజేయును. వైద్యుడు చిన్న దీపముతో సుమారు 20 సెకండ్లు నీలికాంతి పడనిచ్చిన చాలును, ముద్ద వెంటనే నిలుచును. ఆ పిమ్మట ఆమ్లపు పని దాని లోపల మెల్లగా సాగుచునే యుండును. కాంతి 2 మిల్లీమీటర్లకు మించి లోతుకు చక్కగా చొరదు. కావున లోతైన గుంతను పొరలుపొరలుగా నింపుదురు.

ఇక పట్టు సంగతి. అనేక సిమెంట్లు గుంతలో ఇరుకుకొని మాత్రమే నిలుచును. ఇది పంటితో నిజముగనే కలియును. పంటిలో కాల్షియము, ఫాస్ఫేటు కలవు. ఆమ్లపు గొలుసులు అచటి ఫాస్ఫేటును తప్పించి కాల్షియమును పట్టుకొనును. దీనికి తోడు రెసిన్ పంటి లోపలిపొరలోని సూక్ష్మ రంధ్రములలోనికి చొచ్చి గట్టిపడి వేళ్ళవలె నాటుకొనును. ఈ రెండు పట్టులు చిక్కవలెనన్న పంటి మీది రాపిడి మురికి పోవలెను. అందులకు వైద్యుడు పలుచని ఆమ్లమును కొలది సెకండ్లు పూసి కడిగివేయును. పన్నును తడి ఓడునట్లు ఉంచరాదు, ఎండగట్టనురాదు.

అన్నిటికన్న ముఖ్యమైన గుర్తు మెరుపు. కలిపిన ముద్ద నిగనిగలాడుచున్నంతవరకే దానిలో పంటిని పట్టుకొనుటకు ఆమ్లము మిగిలియున్నదని అర్థము. మెరుపు పోయినచో ఆ ఆమ్లము గాజుతోనే ముడిపడిపోయినది. దానిని పెట్టినను కొలది దినములలో ఊడిరాగలదు. బడి గోడ కట్టించునపుడు బిగిసిన సిమెంటులో మరల నీరు పోసి వాడుటకు మేస్త్రీని ఏ సభ్యుడును ఒప్పుకొనడు గదా! ఇదియు అట్టిదే.

మన యెండలలో ఈ మెరుపు త్వరగా పోవును, వేడి రసాయన క్రియను తొందరపెట్టును గనుక. పైగా ఎండలో నీలికాంతియు కలదు. అది దీపము వెలిగించుటకు ముందే రెసిన్‌ను బిగింపజేయును. కావున చెట్టుక్రింద బల్లలు వేయుటకన్న బడిలోని చల్లని గదిని ఒప్పగించుట మేలు. దీపములు ముందురాత్రియే ఛార్జి చేయుటకు వసతి, శుభ్రమైన నీరు కావలెను. ఒక్కపూటలో ఇన్నివందల మందిని చూడవలెనని వైద్యులను తొందరపెట్టుట మంచిది కాదు. గట్టిపడని ముద్దను సహాయకులెవరును వట్టిచేతులతో తాకరాదు. హెమా కొందరికి చర్మముపై దద్దుర్లు కలిగించును.

విద్యుత్తు బొత్తిగా లేనిచోట రెసిన్ లేని సిమెంటే చాలును. చేతిపనిముట్లతో మాత్రమే పిప్పిని తొలగించి దానిని నింపు పద్ధతి 1980 దశకము నడుమ ఆఫ్రికాలోని టాంజానియాలో రూపొందినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గాజు అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధముల మాదిరి పట్టికలో చేర్చినది.

ఈ సిమెంటు నుండి ఫ్లోరైడు కొద్దికొద్దిగా వెలువడును. నల్లగొండ, ప్రకాశం ప్రాంతములవారు ఈ మాట వినినంతనే ఉలికిపడుట సహజమే. ఆ ప్రాంతముల బాధ యేండ్ల తరబడి త్రాగిన నీటివలన వచ్చినది. పూరణనుండి వెలువడునది అతిస్వల్పము. అది చుట్టునున్న పంటిభాగమునకు కొంత రక్షయే.

పిప్పి నరము దాక పోయి చీము పట్టిన పంటికి మాత్రము ఈ సిమెంటు మందు కాదు. అట్టివారిని ఆసుపత్రికి పంపవలెను. సిమెంటు పెట్టించుకొన్న పిల్లల పేర్లు బడి పుస్తకములో వ్రాసియుంచి, ఆరు నెలలకొకసారి పూరణ నిలిచినదో లేదో వైద్యునిచే చూపించు భారము పంచాయతీ వహింపవచ్చును.