మెదడులోని కాలువలు, మధుమేహము, మన పెద్దల మతిమరుపు

ఈ పుటలో ఇంతవరకు పండుగలను గురించియు, మన పూర్వులు ఎక్కి వచ్చిన ఓడలను గురించియు వ్రాయుచు వచ్చితిమి. ఈ పర్యాయము ఒక వ్యాధిని గురించి వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. హైస్కూలు వరకు చదివినవారము. అయినను మా భజన బృందములోని పెద్దలు ఒకరి తరువాత ఒకరు పాట మధ్యలో ఆగిపోవుట చూచి, తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినది మీ ముందు ఉంచుచున్నాము.

మా ఆలయమునకు వచ్చు ఒక పెద్దమ్మగారి సంగతితో మొదలుపెట్టుదుము. ఆమె ఫిజీలో చెరకు తోటల నడుమ పుట్టి, 1987 తరువాత సిడ్నీ చేరినవారు. ఇరువది ఏండ్లుగా మధుమేహము ఉన్నది. మొదట మాత్రలు వేసికొన్న సంగతి మరచి మరల వేసికొనిరి. ఇంటివారు "వయసు వచ్చింది కదా" అనిరి. పిదప ఇంగ్లీషు పోయినది. ఆ తరువాత ఫిజీ హిందీ కూడ తగ్గినది. చివరకు తల్లి ఒడిలో నేర్చిన తెలుగు మాత్రము మిగిలినది. డిమెన్షియాలో తరువాత నేర్చిన భాష ముందు పోయి, మొదటి భాష నిలుచుట తరచుగా జరుగును. ఒకనాడు ఆమె "నోరెండిపోతోంది, నోరెండిపోతోంది" అని పదేపదే అనిరి. కొడుకునకు అర్థము కాలేదు. మా శనివారపు తరగతికి వచ్చు మనుమరాలికి అర్థమైనది. రక్తపరీక్ష చేసి చూడగా చక్కెర మిక్కిలి హెచ్చుగా ఉండెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయిరి.

మధుమేహమునకును మతిమరుపునకును సంబంధ మేమి? అది తెలియుటకు మెదడు ఎట్లు శుభ్రపడునో ముందు చూడవలెను.

శరీరములోని ఇతర అవయవముల నుండి వ్యర్థములను తీసికొనిపోవుటకు లింఫ్ నాళములు కలవు. మెదడు కణజాలము లోపల అట్టి నాళములు లేవు. మరి అక్కడి వ్యర్థము ఎట్లు బయటకు వచ్చును? 2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమున మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ మొదలగువారు ఎలుకలపై పరిశోధించి ఒక సమాధానము చెప్పిరి. మెదడు చుట్టును, వెన్నుపాము చుట్టును నీటివంటి ద్రవము ఉన్నది. పెద్దవారిలో అది ఏ సమయమున చూచినను సుమారు 150 మిల్లీలీటర్లే. కాని దినమునకు దాదాపు 500 మిల్లీలీటర్లు క్రొత్తగా ఊరుచుండును. ఈ ద్రవము ధమనుల గోడల వెంబడి సన్నని సందులలో లోనికి దిగును. ధమని కొట్టుకొనినప్పుడెల్ల అది ముందుకు నెట్టబడును. నక్షత్రము వంటి ఆస్ట్రోసైట్ కణములు తమ పాదములతో రక్తనాళములను చుట్టుకొని యుండును. ఆ పాదములలో ఆక్వాపోరిన్-4 అను నీటి ద్వారములు కలవు. అచ్చట నుండి ద్రవము కణముల మధ్యకు చేరి, అమిలాయిడ్ బీటా, టౌ అను ప్రోటీను వ్యర్థములను కడిగి, సిరల వెంబడి బయటకు తెచ్చును. అల్జీమర్స్ వ్యాధిలో మెదడున పేరుకొనునవి ఈ రెండే. గ్లియా కణముల పేరును, లింఫ్ అను మాటను కలిపి దీనికి గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టిరి.

చెరకు పొలము ఎరిగిన పెద్దలకు ఇది చెప్పుట సులభము. పొలమునకు మురుగు కాలువ ఉండవలెను, దానికి వాలు ఉండవలెను, ఆకు పడి పూడరాదు. నీరు నిలిచినచో వేరు కుళ్లును.

2013లో ఆ బృందమువారే మరియొక మాట చెప్పిరి. నిద్రించు ఎలుకల మెదడులో కణముల మధ్య చోటు సుమారు 60 శాతము పెరుగునట. కనుక ఈ కడుగుట నిద్రలోనే ఎక్కువ అనిరి. అయితే 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీవారు, ఎలుకలలోనే, నిద్రలో ఇది తగ్గుచున్నదని కనుగొనిరి. వాదము ఇంకను నడుచుచున్నది. మెదడు కడుగు మందులని ఎవరైన అమ్మవచ్చినచో కొనవద్దు.

ఇక మధుమేహము. 2017లో డెట్రాయిట్ నగరపు హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు మధుమేహము గల ఎలుకల మెదడును ఎం.ఆర్.ఐ. ద్వారా చూచిరి. జ్ఞాపకమునకు స్థానమైన హిప్పోకాంపస్ నుండి ద్రవము బయటకు పోవుట బాగుగా మందగించెను. కారణము ఒకటే కాదు. చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉన్నచో రక్తనాళములు బిరుసెక్కును. నాడి త్రోపు చెడును. నీటి ద్వారములు ఉండవలసిన చోటు నుండి తొలగుటయు జంతువులలో కనబడినది. వింత యేమనగా, ఇన్సులిన్‌ను విరుచు ఎంజైమే అమిలాయిడ్ బీటాను కూడ విరుచును. రక్తములో ఇన్సులిన్ మితిమీరినచో ఆ ఎంజైము రెండవ పనికి చాలదని కొందరు తలచుచున్నారు. మనుష్యులలో ఈ కాలువల సంగతి ఇంకను తేలవలసియున్నది. కాని మధుమేహము మెదడులోని చిన్న రక్తనాళములను పాడుచేయుననుటలోను, డిమెన్షియా ప్రమాదమును పెంచుననుటలోను సందేహము లేదు. 2024లో లాన్సెట్ కమిషన్ మనము మార్చుకొనదగిన 14 కారణములను చెప్పినది. వాటిలో మధుమేహము ఒకటి, వినికిడి తగ్గుట మరియొకటి. ఆస్ట్రేలియాలో 2016 నుండి స్త్రీల మరణములకు మొదటి కారణము డిమెన్షియాయే.

మన భారత సంతతివారికి మధుమేహము చిన్న వయసుననే, బరువు తక్కువగా ఉన్నను వచ్చును. మన పూర్వులచేత చెరకు నరికించిన సి.ఎస్.ఆర్. కంపెనీ సిడ్నీ కంపెనీయే. ఆ కంపెనీ 1973లో ఫిజీ విడిచిపోయెను గాని, చక్కెర మన వంటింటిని విడువలేదు.

మూడు నెలల సగటు తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షను, రక్తపోటును మరువవద్దు. గట్టిగా గురక పెట్టువారు వైద్యునకు చెప్పవలెను. నిద్రలో ఊపిరి ఆగుట మధుమేహముతో తరచు కలిసి వచ్చును. అర్ధరాత్రి దాక యంగోనా గిన్నె చుట్టు కూర్చుండు మిత్రులకు ఏమి చెప్పుదుము? మేమును కూర్చున్నవారమే. ఇంకొక మాట: చక్కెర మరీ పడిపోవుటయు మెదడునకు హానియే. ఇన్సులిన్ వాడు పెద్దలు మ్రొక్కుల ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. వారు ఉపవాసము మానినచో అమ్మవారు కోపించునని ఈ కమిటీలో ఎవరును అనరు.

పై పెద్దమ్మగారిని మొదట ఒకచోట ఇంగ్లీషులో ప్రశ్నించి, జవాబు రాలేదని వ్రాసి పంపిరి. అట్లు జరుగనవసరము లేదు. భాషాభేదము అడ్డు కాకుండునట్లు రూడాస్ అను పరీక్షను సిడ్నీ నైరుతి ప్రాంతముననే తయారుచేసి 2004లో ప్రకటించిరి. అంగడి సరుకులు నాలుగు గుర్తుంచుకొనుట, కుడి ఎడమలు చూపుట, రోడ్డు ఎట్లు దాటుదురో చెప్పుట వంటివి అందులో కలవు. దుబాసి సహాయముతో చేయవచ్చును. వైద్యుని పేరు పెట్టి అడుగుడు. దుబాసి కొరకు 131 450, డిమెన్షియా సలహా కొరకు 1800 100 500 నంబర్లకు ఫోను చేయవచ్చును.

మా శనివారపు తరగతిలో ఇప్పుడు అక్షరములు ముగిసిన వెంటనే ఈ మాటలు చెప్పుచున్నాము: దాహము, నోరెండుట, కళ్లు తిరుగుట, చెమట, వణుకు, తిమ్మిరి. పెద్దవారు ఇంటిలో పలుకు రీతినే పలికించుచున్నాము.