పాత కాంక్రీటు నేలను కొత్త పరుపుకు సిద్ధం చేయడం

ఈ భాగంలో పాత కాంక్రీటు నేలపై కొత్తగా రాయి పరచడానికి ముందు చేయవలసిన పనులను తెలుసుకుంటారు. మొదట ఒక మాట గురించి స్పష్టత అవసరం. ఆంగ్ల పాఠ్యగ్రంథాల్లో బేస్‌మెంట్ అంటే భూమట్టానికి దిగువన ఉన్న గది. మన మేస్త్రీలు దాన్ని సెల్లార్ అంటారు. వారి వాడుకలో బేస్‌మెంట్ అంటే పునాదిపైన మట్టి లేదా గ్రావెల్ నింపి ఎత్తు చేసిన భాగం. రెండింటిలోనూ కాంక్రీటు నేరుగా మట్టిని తాకి ఉంటుంది కాబట్టి సమస్యా ఒకటే, తేమ.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల ఇళ్లలో పాత గచ్చుపై నాపరాయి గాని, స్థానిక పలకరాయి గాని పరుస్తారు. రాతపలకలకు పేరుపొందిన ఈ పలకరాయి భూగర్భశాస్త్రం ప్రకారం కడప శిలాసముదాయంలోని కంభం శ్రేణికి చెందింది. మంచి పలకరాయి నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. దీన్ని గుణంగా చెప్పుకుంటాం గాని, అడుగున తేమ ఉన్నప్పుడు అదే చిక్కు తెస్తుంది. పైకి వచ్చే తేమకు రాళ్ల మధ్య సందులే దారి అవుతాయి. తేమతో వచ్చిన లవణాలు అక్కడ తెల్లటి పొడిగా పేరుకుంటాయి.

7.3.1 తేమ, లవణాలు

పాత ఇళ్లలో కాంక్రీటు కింద ప్లాస్టిక్ పొర వేసే అలవాటు లేదు. మట్టిలోని నీరు కేశనాళికల చర్య వల్ల పైకి పాకుతుంది. దీన్ని కనిపెట్టడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. సుమారు 45 సెం.మీ. చదరపు పారదర్శక పాలిథీన్ ముక్కను నేలపై పరచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. కనీసం 16 గంటల తరువాత తీసి చూడాలి. అడుగున నీటి బిందువులున్నా, కాంక్రీటు రంగు ముదిరినా తేమ ఉన్నట్లే. ఎంత ఉందో ఈ పరీక్ష చెప్పదు.

పరీక్ష చేసే కాలం కూడా ముఖ్యమే. మే నెలలో మార్కాపురంలో చేస్తే ఏ నేలైనా పొడిగానే కనిపించవచ్చు. అక్టోబరు, నవంబరు వానల తరువాత చేసిన పరీక్షనే నమ్మాలి.

పశ్చిమ ప్రకాశంలో నీటి పరీక్ష అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. తాగునీటికి అది తీవ్రమైన సమస్యే. నేలపై తెల్లపొడికి మాత్రం ప్రధానంగా సల్ఫేట్లు, క్లోరైడ్లు, కార్బొనేట్ల వంటి లవణాలు కారణం. ఫ్లోరైడ్ తక్కువని తేలిన బోరునీరు మాలు కలపడానికి పనికివస్తుందని అనుకోరాదు. ఐ.ఎస్. 456 ప్రకారం కాంక్రీటు కలిపే నీటిలో సల్ఫేట్లు లీటరుకు 400 మి.గ్రా., ఇనుము లేని కాంక్రీటుకు క్లోరైడ్లు 2000 మి.గ్రా. మించరాదు. మాలుకూ ఇదే కొలమానం పాటించడం మేలు.

7.3.2 డొల్ల, పగుళ్లు

చిన్న సుత్తితో నేలంతా తట్టుతూ వెళ్లాలి. గట్టి చోట ఖంగుమని, డొల్ల చోట బొద్దుగా మోగుతుంది. డొల్ల భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలేవరకు తొలగించి పూడ్చాలి. మేస్త్రీలు తొందరలో వదిలేసే పని ఇదే.

వెంట్రుకవాసి పగుళ్లు చాలావరకు సిమెంటు ఆరినప్పుడు కుంచించుకుపోవడం వల్ల వచ్చినవి. వాటితో భయం లేదు. ఒక అంచు కుంగినా, వేసవిలో విచ్చుకుని వానల్లో మూసుకున్నా ఆ పగులు ఇంకా కదులుతోందని అర్థం. అడుగున నల్లరేగడి ఉన్నచోట ఇలా జరుగుతుంది. అనుమానం ఉంటే పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, కొన్ని నెలలు గమనించాలి. పట్టీ చిట్లితే ముందు మట్టి సంగతి చూడాలి. లేకపోతే పైన పరచిన కొత్త రాయి కూడా అదే గీత వెంట పగులుతుంది, పెట్టిన డబ్బు రెండుసార్లు పెట్టాల్సివస్తుంది.

7.3.3 పట్టు కల్పించడం

నున్నగా పాలిష్ చేసిన గచ్చుకు మాలు అంటుకోదు. నేలపై నీళ్లు చిలకరిస్తే ఇంకకుండా బిందువులుగా నిలిస్తే ఉలితో గాని, యంత్రంతో గాని దగ్గరదగ్గరగా గాట్లు కొట్టాలి. ఆమ్లం పోసి పని ముగించే అలవాటు మంచిది కాదు. పక్క గదిలోని నాపరాయి సున్నపురాయే కాబట్టి ఆమ్లానికి కరుగుతుంది.

గాట్లు కొట్టేటప్పుడు లేచే దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది. పలకరాయి కోసినా అంతే. ఈ దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల పరిశ్రమ కార్మికులలో ఈ వ్యాధిని వైద్య అధ్యయనాలు నమోదు చేశాయి. నీళ్లు చల్లుతూ పనిచేయాలి, తగిన మాస్కు ధరించాలి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు.

దుమ్ము కడిగి, నేలను తడిపి, నిలిచిన నీటిని తుడిచేయాలి. తరువాత సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మాలు పరచాలి. ఆరిన సిమెంటు పాలు పట్టు ఇవ్వకపోగా రెండింటినీ విడదీసే పొరలా మారతాయి. అందువల్ల ఒకేసారి గదంతా పూయకుండా, రాయి పరచగలిగినంత మేరకే పూయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక గదిలో పాత గచ్చుపై 25 మి.మీ. మాలు, 20 మి.మీ. రాయి పరచాలి. ప్రస్తుతం తలుపు అడుగున 10 మి.మీ., గడప ఎత్తు 60 మి.మీ. ఉన్నాయి. తలుపు అడుగున అంతే సందు ఉంచాలంటే ఎంత కోయాలి? గడప ఎంత ఎత్తు మిగులుతుంది? పాత గచ్చును పూర్తిగా తొలగించడం మేలా, దానిపైనే పరచడం మేలా? మీ ఇంటి నేలను పరీక్షించి కారణాలు రాయండి.