మీ తోటలో మామిడి ఏ రకం? గుర్తుపట్టడం, పేరు పెట్టడం ఎలా



"అన్నా, బంగినపల్లి అని అంటు తెచ్చి పెట్టాను. కాయ వేరేలా వస్తోంది, ఇదేం రకం?" సీజన్ మొదలైతే చాలు, ఫొటోతో పాటు నాకు వచ్చే ప్రశ్న ఇదే. మామిడిలో రకం సంగతి తేలేది నాటిన మూడు నాలుగేళ్లకి. అప్పటికి నీళ్లు, జీవామృతం, కూలీ అన్నీ పెట్టేసి ఉంటాం. పైగా మనం బాక్సు మీద రకం పేరు రాసి నేరుగా ఇంటికి అమ్ముకునేవాళ్లం. పేరు తప్పయితే మళ్లీ ఏడాది ఆ ఇంటి నుంచి ఫోన్ రాదు. అందుకే వీడియోలో చెప్పిన విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒకే రకం, నాలుగు పేర్లు

బంగినపల్లి, బేనిషాన్ రెండూ ఒకటే. ఢిల్లీ మార్కెట్లో అదే కాయని సఫేదా అంటారు. తోతాపురిని మన దగ్గర కలెక్టర్ అంటారు, బెంగళూర అంటారు. తమిళనాడులో కిళిమూక్కు, అంటే చిలకముక్కు. ఉత్తరాంధ్ర సువర్ణరేఖకి సుందరి అనే పేరు కూడా ఉంది. కాబట్టి నర్సరీలో కొత్త పేరు వినగానే కొత్త రకం అనుకుని ఎక్కువ డబ్బు పెట్టకండి.

దీనికి రివర్స్ కూడా ఉంది. "రసాలు" అనేది ఒక రకం కాదు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం దేనికదే వేరు. "పచ్చడి మామిడి" అనేది వాడకాన్ని చెప్తుంది గానీ రకాన్ని చెప్పదు.

టెంక నాటితే అదే రకం ఎందుకు రాదు?

మన రకాల్లో ఎక్కువ వాటికి టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది తల్లి చెట్టు పువ్వు, ఇంకో చెట్టు పుప్పొడి కలిస్తే పుట్టింది. అందుకే బంగినపల్లి టెంక నుంచి వచ్చిన మొక్క బంగినపల్లి కాదు, కొత్త చెట్టు. కేరళ, కొంకణ్ వైపు ఒలూర్, వెల్లైకొలంబన్ లాంటి రకాల్లో మాత్రం ఒక టెంకలో చాలా పిండాలు ఉంటాయి, వాటి నుంచి తల్లిలాంటి మొక్కలు వస్తాయి. మిగతా వాటికి అంటు కట్టడం ఒక్కటే దారి.

గుర్తుపట్టే వరుస

1. అంటు అతుకు చూడండి. అతుకు కింద నుంచి వచ్చిన కొమ్మే పెరిగి, పైన అంటు చనిపోయి ఉంటే మీ దగ్గర ఉన్నది కింది నాటు మొక్క. కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తీసేయాలి.

2. చిగురు రంగు, ఆకు అంచు, కొస చూడండి. ముదురు ఆకు నలిపి వాసన చూడండి. ఈ వాసన రకాన్ని బట్టి మారుతుంది. మీరు నమ్మే చెట్టు ఆకుని పక్కన పెట్టి పోల్చండి.

3. కాయ ఆకారం చూడండి. తొడిమ దగ్గర భుజాలు, కింద ముక్కు, ముక్కు పైన నొక్కు ముఖ్యం. తోతాపురికి పొడుగు కాయ, స్పష్టమైన ముక్కు. సువర్ణరేఖకి భుజం మీద ఎరుపు. బంగినపల్లికి పలుచని, నున్నని పసుపు తొక్క.

4. కోసి చూడండి. పీచు ఎంత, టెంక మందం ఎంత? బంగినపల్లి కండ గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది, ముక్కలు కోసుకోవచ్చు. రసాలు పిసికి జుర్రుకునేవి.

సైజు, రంగు మాత్రమే చూసి తేల్చకండి. ఎండ తగిలిన వైపు రంగు మారుతుంది, కాపు ఎక్కువైతే సైజు తగ్గుతుంది. ఒక్క కాయ ఫొటో చూసి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పది కాయలు, రెండు సీజన్లు చూడాలి.

మీ చెట్టు నిజంగా కొత్తదైతే?

తాతల నాటి టెంక చెట్టు ఏదైనా మంచి కాయ ఇస్తుంటే దానికి పేరు పెట్టే హక్కు, ఆ పేరుని రిజిస్టర్ చేయించుకునే హక్కు రైతుకి ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతులకి ఫీజు లేదు. పేరు ఉత్త అంకెల్లో ఉండకూడదు, జనాన్ని తప్పుదారి పట్టించకూడదు. ఉన్న రకం పేరుకి "సూపర్" తగిలించి అమ్మడం పేరు పెట్టడం కాదు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ పేరుని ఇష్టం వచ్చినట్టు వాడకూడదు.

ఈ మూడు పనులు చేయండి

కాపు టైములో వెళ్లి తల్లి చెట్టు కాయ తిన్నాకే అంటుకి ఆర్డర్ ఇవ్వండి. బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. నాటిన రోజే ఏ వరసలో ఏ రకమో నోటుబుక్కులో మ్యాపు గీసుకోండి. ట్యాగులు రెండేళ్లలో ఊడిపోతాయి, నోటుబుక్కు మాత్రం మీ పిల్లల దాకా ఉంటుంది.