పూలు మన సెలవుల కోసం ఆగవు: శ్రీనగర్ తులిప్ తోటకు వెళ్లే ముందు



పదో తరగతి పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటి ఉంది: "ఇంటర్ క్లాసులు మొదలయ్యేలోపు ఎక్కడికైనా వెళ్దామా?" దానికి ఒక మంచి జవాబు శ్రీనగర్ తులిప్ తోట. అయితే ఫొటోలు చూసి, వేసవి సెలవులే కదా అని మే నెలకు టికెట్లు తీసుకుంటే అక్కడ పూలు ఉండవు. ఎందుకో తెలిస్తే ప్రయాణం సరిగ్గా కుదురుతుంది, తోట కూడా ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

తోట సంగతి

డాల్ సరస్సుకు ఎదురుగా, జబర్వాన్ కొండల పాదాల దగ్గర ఉన్న ఈ తోట పేరు ఇందిరా గాంధీ స్మారక తులిప్ తోట. 2007లో మొదలైంది. సుమారు 30 హెక్టార్లు, అంటే దాదాపు 74 ఎకరాలు. కొండవాలును మెట్లు మెట్లుగా చదును చేసి మళ్లు కట్టారు. 2025 వసంతంలో 74 రకాలకు చెందిన సుమారు 17 లక్షల తులిప్ దుంపలు ఇక్కడ నాటారు. దుంపలు నెదర్లాండ్స్ నుంచి వస్తాయి.

దుంపలో దాగిన పువ్వు

తులిప్ దుంప చూడటానికి మన ఉల్లిగడ్డలాగే ఉంటుంది. పూలు రాలాక ఆకులను వెంటనే కోయరు. అవి పసుపు రంగుకు తిరిగేదాకా దుంపకు ఆహారం పంపుతూనే ఉంటాయి. తర్వాత దుంపలను తవ్వి, ఆరబెట్టి, భద్రం చేస్తారు. పైకి ఎండిపోయినట్టు కనిపించే ఆ వేసవి నెలల్లోనే లోపల వచ్చే ఏటి పువ్వు తయారవుతుంది. శరదృతువులో ఒక దుంపను నిలువుగా కోస్తే మధ్యలో చిట్టి మొగ్గ కనిపిస్తుంది.

ఆ మొగ్గ పైకి రావాలంటే చలి కావాలి. చలికాలానికి ముందే దుంపలను నాటుతారు. మూడు నాలుగు నెలలు చల్లని మట్టిలో ఉంటేనే కాడ సరిగ్గా సాగుతుంది. చలి చాలకపోతే పువ్వు పొట్టిగా ఉండిపోతుంది, లేదా అసలు విచ్చుకోదు. మన హైదరాబాద్‌లో, విజయవాడలో తులిప్ తోటలు పెరగకపోవడానికి కారణం ఇదే.

ఒక్కో రకం పూలు కొద్ది వారాలే ఉంటాయి. అందుకే ముందు పూసేవి, మధ్యలో పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటుతారు. అయినా తోట తెరిచి ఉండేది సుమారు నెల రోజులే. ఎండ ముదిరినా, గట్టి వాన పడినా ఆ గడువు ఇంకా తగ్గుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

తెరిచే తేదీ ఏటా మారుతుంది. 2023లో మార్చి 19న, 2024లో మార్చి 23న, 2025లో మార్చి 26న తెరిచారు. మొదటి రోజుల్లో చాలా మళ్లు మొగ్గ దశలోనే ఉండవచ్చు. ఏప్రిల్ మొదటి రెండు వారాలు అనుకుంటే పూలు దొరికే అవకాశం ఎక్కువ.

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ముగించిన పిల్లలకు ఈ సమయం కుదురుతుంది. జూనియర్ కాలేజీలో చేరే తేదీ గురించి ముందే మాట్లాడుకోండి. కింది తరగతుల పిల్లలకు ఏప్రిల్‌లో పరీక్షలు ఉంటాయి కాబట్టి వాటిని మానిపించి వెళ్లవద్దని మా మనవి. మే నెలలో వెళ్లేవారు తులిప్‌లను ఆశించకుండా, దగ్గర్లోనే ఉన్న నిషాత్, షాలిమార్ తోటలు చూడవచ్చు. జహంగీర్ కాలంలో 1619లో మొదలైన షాలిమార్‌లో చినార్ చెట్ల నీడ, నీటి కాలువలు పిల్లలకు చరిత్ర పాఠాన్ని కళ్లకు కడతాయి.

బయలుదేరే ముందు

• తెరిచే తేదీ ప్రకటించాకే పక్కా ఏర్పాట్లు చేసుకోండి. ముందే బుక్ చేస్తే తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు తీసుకోండి.
• ప్రభుత్వ ప్రయాణ సూచనలు, వాతావరణ సమాచారం చూసుకోండి.
• ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి.
• ఏప్రిల్‌లో కూడా ఉదయం, రాత్రి చలిగా ఉంటుంది, వానలూ పడతాయి. స్వెటర్లు, గొడుగు, జారని బూట్లు పెట్టుకోండి.
• విమానం వద్దనుకుంటే కట్రా దాకా రైల్లో వెళ్లి, 2025 జూన్ నుంచి నడుస్తున్న వందే భారత్‌లో శ్రీనగర్ చేరవచ్చు.

తోటలో పిల్లలతో

సెలవు రోజుల్లో రద్దీ ఉంటుంది. వీలైతే మామూలు రోజున, ఉదయాన్నే వెళ్లండి. ఒక చిన్న పని అప్పగించండి: లోపలికి వెళ్లగానే ఒకే పువ్వును ఎంచుకుని ఫొటో తీయాలి, ఎండ ఎక్కాక మళ్లీ తీయాలి. చలిలో ముడుచుకున్న రేకులు వెచ్చదనానికి విచ్చుకోవడం రెండు ఫొటోల్లో తెలుస్తుంది. సెల్ఫీ కోసం మడిలో అడుగు పెట్టవద్దని ముందే చెప్పండి. ఒక్క ఆకు నలిగినా ఆ దుంపకు అందాల్సిన ఆహారం తగ్గుతుంది.

అక్కడ పనిచేసే తోటమాలులను కూడా పిల్లలకు చూపించండి. నెల రోజుల పూల వెనుక వాళ్ల ఏడాది పని ఉంది.

తిరిగి వచ్చాక పిల్లలు ఏం నేర్చుకున్నారని వెంటనే అడగకండి. ఏడాదంతా చదివిన పిల్లలకు ఈ వారం విశ్రాంతి. ఏమీ చేయనట్టు కనిపించే రోజుల్లోనే దుంపలో పువ్వు తయారవుతుందని ఆ తోట చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.