గుబురెక్కిన గన్నేరు: గుర్తింపు, కత్తిరింపు

పాత ఇళ్ల పెరళ్లలోనూ, గుడి ఆవరణల్లోనూ, జాతీయ రహదారుల నడిమి భాగంలోనూ విరివిగా కనిపించే గన్నేరు ఏడాది పొడవునా ఆకులతో నిండి ఉండే నిత్యహరిత పొద కావడం వల్ల, ఎవరూ పట్టించుకోకపోయినా పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనమే దాని దుస్థితిని కప్పిపుచ్చుతుంది. కొన్నేళ్లు కత్తెర తగలకపోతే ఆకూ పువ్వూ అందని ఎత్తుకు చేరి, కింది భాగంలో బోసి కాండాలూ ఎండుపుల్లలూ మాత్రమే మిగులుతాయి. అటువంటి పొదను పెరికివేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అయితే కత్తెర పట్టే ముందు అది ఏ మొక్కో నిర్ధారించుకోవడం తప్పనిసరి.

గన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి కనుక పూలు లేని కాలంలో వాటిని పోల్చుకోవడానికి ఆకుల అమరికే నమ్మదగిన ఆధారం. ఆకు పుట్టే చోటును కణుపు అంటారు. గన్నేరులో కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులు వలయంగా ఏర్పడతాయి. అవి సన్నగా, పొడవుగా, తోలులా దళసరిగా ఉండి, నడి ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చగన్నేరులో ఆకులు ఇంకా సన్నగా ఉండి, కణుపుకు ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ మెలికగా అమరుతాయి. తుంచితే తెల్లని పాలు ధారాళంగా కారుతాయి. నందివర్ధనంలో వెడల్పైన, నిగనిగలాడే ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. కాయలు దొరికితే సందేహం పూర్తిగా తీరుతుంది: గన్నేరువి జతగా ఉండే పొడవాటి కాయలు, వాటిలోని గింజలకు నూగు కుచ్చు ఉంటుంది; పచ్చగన్నేరుది కండ గల, కోణాలు తేలిన గుండ్రని కాయ.

ఈ గుర్తింపు ఇంత ముఖ్యం కావడానికి కారణం విషం. గన్నేరు వేరు మొదలు పువ్వు వరకు ప్రతి భాగంలోనూ ఒలియాండ్రిన్ వంటి, గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి. పచ్చగన్నేరు కూడా అంతే ప్రమాదకరం. కేరళలోని తిరువాన్కూరు దేవస్వం బోర్డు 2024లో గన్నేరు పూలను నైవేద్య ప్రసాదాలలో వాడరాదని నిర్ణయించింది. కత్తిరించే వారు చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, పని ముగిశాక చేతులూ పనిముట్లూ సబ్బుతో కడుక్కోవాలి. తీసిన కొమ్మలను తగలబెట్టకూడదు, ఎందుకంటే ఆ పొగ కూడా హానికరం. ఎండిన ఆకులోనూ విషం నిలిచి ఉంటుంది గనుక మేకలకూ పశువులకూ అందేలా పారవేయకూడదు.

కొమ్మ చివరి చిగురు ఆక్సిన్ అనే వృద్ధి రసాయనాన్ని తయారుచేసి కిందికి పంపుతూ, దిగువ మొగ్గలను నిద్రాణస్థితిలో ఉంచుతుంది. కొనను తీసివేస్తే ఆ అదుపు తొలగి మొగ్గలు మేల్కొంటాయి. ముదురు కాండం మీది మొగ్గలకు కూడా ఈ శక్తి ఉండడం గన్నేరు ప్రత్యేకత; పైగా అది కొత్త చిగుళ్ల చివరనే పూస్తుంది కాబట్టి, సరైన కత్తిరింపు పూలను తగ్గించదు, పెంచుతుంది.

నిర్లక్ష్యానికి గురైన పొదను ఒక్కసారిగా మొదటికి నరికివేయడం కంటే, ఏటా మూడో వంతు చొప్పున బాగా ముదిరిన కాండాలను నేలకు దగ్గరగా రంపంతో కోసి, మూడేళ్లలో పొద మొత్తాన్ని కొత్త చేయడం మేలు, ఎందుకంటే మిగిలిన ఆకులు ఆ కాలమంతా వేళ్లను పోషిస్తూ ఉంటాయి. ముందుగా ఎండిన, విరిగిన, ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలను తీసి లోపలికి గాలీ వెలుతురూ చేరేలా చేయాలి. పైభాగాన్ని మాత్రమే సమంగా కత్తిరించే అలవాటు వల్ల పైన గుబురు మరింత పెరిగి, కింద ఖాళీ అలాగే ఉంటుంది. మిగిలిన కొమ్మలను పదునైన కత్తెరతో కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కత్తిరించాలి.

తెలుగు ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల ఎండకు బోసి కాండాలు మాడిపోతాయి కనుక, తొలకరి పడి నేల తడిసిన తరువాత తెరిపి ఇచ్చిన రోజున ఈ పని చేయడం మంచిది. ఆపైన మొదట్లో పశువుల ఎరువు వేసి, వానలు మొహం చాటేస్తే నీరు పెట్టాలి. చిన్నపిల్లలు ఆడుకునే వాకిట్లోనో, పశువుల పాక పక్కనో గన్నేరు ఉంటే మాత్రం కత్తిరింపు ఎంత చక్కగా చేసినా చాలదు. అటువంటి చోట దానిని వేళ్లతో సహా తీసి మందారం నాటడమే సరైన పని.